గేటు – గేదె – గణితం

సంక్రాంతి సెలవులు అయిపోయి వూరినించి వస్తూ, అమ్మ కట్టియిచ్చిన బియ్యం మూట భుజాన వేసుకొని, రెండో చేత్తో గోంగూర పచ్చడి జాడీ పట్టుకొని, మా బాబాయి పనిచేసే ఆఫీసుకు వెళ్ళాను. ఆ మూట ఆయన యింటికి చేరవలసింది. గుమ్మంలో నడుం ఎత్తున మూడు చేతుల ఇనుప గేటు వున్నది. వాచ్‌మన్ తన కార్డు చూపించి "తోసుకుంటూ పో బాబూ" అన్నాడు. తోశాను. నేను అవతలికి పోయాను, మూట యివతల వుండిపోయింది. ఒక మనిషి దాటగానే గేటు బిగుసుకుంటుంది గదా! మూట చెవులు నా చేతిలో, మూట పొట్ట గేటు చేతుల మధ్యలో. వెనక పదిమంది ఆఫీసుకు ఆలస్యమై నిలబడ్డారు. నవ్వేవాళ్ళు నవ్వారు, విసుక్కునేవాళ్ళు విసుక్కున్నారు. చివరికి వాచ్‌మనే తాళంచెవి తిప్పి నన్నూ మూటనీ విడిపించాడు. "ఇది మనుషులు పోయే గేటు బాబూ, బస్తాలు పోయేది కాదు" అన్నాడు.

ఆ మాటకు కోపం రాలేదు గాని, మా మామిడితోట గుర్తుకొచ్చింది. తోట కంచెకు వెనకవైపు నాన్న రెండు గుంజలు పాతాడు. వాటి మధ్య సందు మూరెడు లోపే. మనిషి పక్కకు తిరిగి, పొట్ట కాస్త లోపలికి పీల్చుకొని దూరిపోవచ్చు. గేదె దూరలేదు. దానికి తలుపు లేదు, గొళ్ళెం లేదు, కాపలా లేదు, కరెంటు అసలే లేదు. అయినా యెవరు లోపలికి రావచ్చో, యెవరు రాకూడదో యిట్టే తేల్చేస్తుంది. ఇంగ్లండులో కూడా పొలాల కంచెలకు గొర్రెలు దాటకుండా, మనుషులు మాత్రం దాటేటట్టు అమర్చిన మెట్టును 'స్టైల్' అంటారు. దానికి తిరిగే చేతులు తగిలిస్తే 'టర్న్‌స్టైల్'. అంటే పట్నంలో అద్దాల మేడల గుమ్మాల్లో కనిపించే యీ వస్తువు పుట్టిల్లు పొలం గట్టేనన్నమాట! తర్వాత అది దుకాణాల్లోకి వచ్చింది. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ 'పిగ్లీ విగ్లీ' అనే దుకాణం తెరిచి, సరుకులు యెవరికి వారే తీసుకొనే పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు గుమ్మంలో తిరుగుడు గేటే పెట్టాడు. ఆ తర్వాత ఆటల మైదానాలు, రైల్వే స్టేషన్లు, ఆఫీసులు.

ఇదంతా యిప్పుడు యెందుకంటారా? ఈ సంవత్సరం మన లైబ్రరీ గుమ్మానికి గేట్లు పెట్టాలనే ప్రతిపాదన వచ్చిందని మీకు తెలుసు. ఎట్లాంటివి పెడితే బాగుంటుందో విద్యార్థి సంఘం తరఫున ఒక నోటు రాసి యిమ్మన్నారు. "నువ్వు ఫిజిక్సు గదా, గేటులో యిరుక్కున్న అనుభవం కూడా వుంది" అని ఆ పని మావాళ్ళు నా నెత్తిన పెట్టారు. నోటు రెండు పేజీలే రాశాను. దానికోసం చదివినదీ, చూసినదీ, లెక్క వేసినదీ చాలా మిగిలిపోయింది. అది మీతో చెప్పుకుందామని యీ వ్యాసం.

ముందు నన్ను పట్టుకొన్న మూడు చేతుల గేటు సంగతి చూద్దాం. ఒక ఇరుసు, దానికి 120 డిగ్రీల యెడంతో మూడు చేతులు. ఇరుసును వాలుగా బిగిస్తారు. అందువల్ల యెప్పుడూ ఒక చెయ్యి మాత్రమే అడ్డంగా దారికి కట్టినట్టు వుంటుంది, మిగతా రెండూ కిందికి వాలి వుంటాయి. మనిషి తోస్తే చక్రం మూడోవంతు తిరుగుతుంది, వెనకనున్న చెయ్యి వచ్చి దారి మూస్తుంది. వెనక్కి తిరగకుండా లోపల పళ్ళచక్రం, దానిలో పడే నాలుక వుంటాయి. సైకిల్ ఫ్రీవీల్ విప్పి చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, అదే సూత్రం. కార్డు సరైనదైతే చిన్న విద్యుదయస్కాంతం ఒక పిన్నును కదిలించి ఒకే ఒక్క మూడోవంతు తిరుగుడుకు అనుమతి యిస్తుంది. ధర తక్కువ, మరమ్మతు తేలిక, దుమ్మును తట్టుకుంటుంది. లోపమేమిటంటే కుర్రవాడు యెవడైనా ఒక్క గెంతులో దాటేయగలడు, లేదా వంగి కింద దూరగలడు. కాబట్టి యిది దొంగను ఆపదు. మర్యాదస్థుణ్ణి లెక్కపెడుతుంది, అంతే.

దొంగను కూడా ఆపాలంటే నిలువెత్తు గేటు వున్నది. ఏడడుగుల పంజరంలాగా వుంటుంది, చేతులు పైనుంచి కింది దాకా దువ్వెన పళ్ళలాగా వుంటాయి. కాపలా లేని ఫ్యాక్టరీ వెనక గుమ్మాలకు అది మంచిది. కాని ఆ పంజరంలోంచి ఒక స్ట్రెచరును బయటికి తేవడం కుదరదు. చూసినవాడికి జైలు గుర్తుకొస్తుంది కూడా. మూడో రకం అద్దం రెక్కల గేటు. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైనప్పటినుంచి మనవాళ్ళందరికీ పరిచయమే. కార్డు పెట్టగానే రెక్కలు విడిపోతాయి. పక్క గోడల్లో కంటికి కనిపించని పరారుణ కిరణాల వరస వుంటుంది. ఏ కిరణం ముందు తెగింది, యేది తర్వాత తెగింది అన్నదాన్నిబట్టి వెళుతున్నది ఒకరా యిద్దరా, మనిషి యెటువైపు నడుస్తున్నాడు అనేది లెక్కకడుతుంది. ఒకరి కార్డుమీద యిద్దరు దూరితే మోత మోగుతుంది. వేగం యెక్కువ, చూడముచ్చటగా వుంటుంది, ధర కూడా యెక్కువే. మోటారు, సెన్సారు, సర్క్యూటు అన్నిటికీ ప్రతి సంవత్సరం సంరక్షణ ఒప్పందం వుండాలి. కొన్న సంవత్సరం బాగానే వుండి, మూడో సంవత్సరానికి రెక్క వూడి తాడుతో కట్టేసిన గేట్లను ఒకటి రెండు చోట్ల నేనే చూశాను. అసలు రెక్కలే లేకుండా కిరణాలూ మోతా మాత్రమే వుండేవి, ఒక తలుపు మూస్తేగాని రెండో తలుపు తెరుచుకోని చిన్న గదుల్లాంటివి కూడా వున్నాయి గాని, మన లైబ్రరీకి వాటితో పనిలేదు.

ఇన్ని రకాలలో యేది కొనాలి? నేను తిరిగిన రెండు మూడు చోట్ల అందరూ మొదట అడిగింది "బడ్జెట్ యెంత?" అని. మా నాన్నయితే అట్లా అడగడు. కంచె వేసేముందు "యేది దూరుతున్నది?" అని అడుగుతాడు. కోడికి వేసే దడి వేరు, పందికి వేసే కంచె వేరు. మన లైబ్రరీలోకి యేది దూరుతున్నది? కనుక్కుంటే తేలిందేమిటంటే, దూరేవాళ్ళతో బాధ లేదు, పోయేవాటితో బాధ. పుస్తకాలు పోతున్నాయి. పుస్తకం చొక్కాలో పెట్టుకొని పోయేవాడికి కార్డు వుంటుంది, వాడు మన విద్యార్థే. గేటు వాడి కార్డు చూసి సగౌరవంగా దారి యిస్తుంది! పుస్తకాలు పోకుండా వుండాలంటే చెయ్యవలసిన పని వేరు. పుస్తకం వెన్నులో సన్నని అయస్కాంతపు పట్టీ దాచిపెట్టి, బయటికి పోయేచోట దాన్ని పసిగట్టే రెండు స్తంభాలు నిలబెట్టాలి. అయితే గేట్లు దేనికి? బయటివాళ్ళు వచ్చి చదువుకొనే బల్లలు ఆక్రమిస్తున్నారనీ, రాత్రి పది దాటాక లోపల యెంతమంది వున్నారో తెలియడం లేదనీ రెండో ఫిర్యాదు వుంది. దానికి గేటు పనికొస్తుంది. ఈ రెండు జబ్బులకూ ఒకే మందు అనుకొని మొదట్లో అంతా గందరగోళపడ్డాం.

ఇక అసలు లెక్క. ఒక సోమవారం నేనూ నా రూమ్మేటూ ఉదయం పదిగంటల వేళ లైబ్రరీ మెట్లమీద గడియారం పెట్టుకొని కూచున్నాం. బాగా రద్దీగా వున్న అయిదు నిమిషాల్లో 190 మంది లోపలికి పోయారు. అంటే నిమిషానికి 38 మంది. ప్రతిపాదనలో వున్నవి మూడు చేతుల గేట్లు రెండు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. అమ్మేవాడి కాగితంలో ఒక గేటు నిమిషానికి 30 మందిని పంపుతుందని వుంటుంది. అది కార్డు చేతిలో సిద్ధంగా పట్టుకొని, మిలిటరీ వాళ్ళలాగా నడిచేవాళ్ళ లెక్క. మనం గేటు దగ్గరికి వచ్చాక జేబు తడుముకొని, పర్సులోంచి కార్డు తీసి, తిరగేసి పెట్టేవాళ్ళం గదా! 20 అనుకోవడమే ధారాళం. బ్రిటన్‌లో ఆటల మైదానాల భద్రతకు 'గ్రీన్ గైడ్' అనే ప్రామాణిక గ్రంథం వున్నది. దాని యిప్పటి లెక్క ప్రకారం ఒక టర్న్‌స్టైలుకు గంటకు 660 మందికి మించి లెక్కలో తీసుకోకూడదు, అంటే నిమిషానికి 11 మందే.

సరే, 20 అనే వేసుకుందాం. అయిదు నిమిషాల్లో వచ్చినవాళ్ళు 190, దాటినవాళ్ళు 100. గుమ్మం ముందు 90 మంది మిగిలారు. వాళ్ళలో చివరివాడు లోపలికి పోవడానికి 90 ని 20 తో భాగిస్తే నాలుగున్నర నిమిషాలు. ఎండలో, మెట్లమీద, తోసుకుంటూ. మరి రద్దీ వేళలో రెండు గేట్లనూ లోపలివైపే తిప్పితే నిమిషానికి 40 పడతాయి, వచ్చేది 38, సరిపోతుంది గదా అన్నాడు మావాడు. నేనూ మొదట అట్లాగే అనుకొన్నాను. కాని మనుషులు కుళాయిలో నీళ్ళలాగా సమంగా రారు. ఒక బస్సు ఆగితే అరవైమంది ఒక్కసారి దిగుతారు, తర్వాత రెండు నిమిషాలు పురుగు కూడా రాదు. ఖాళీగా గడిచిన ఆ రెండు నిమిషాల్ని గేటు దాచుకొని తర్వాత వాడుకోలేదు.

ఈ సంగతికి గణితం వుంది. డెన్మార్కులో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన, టెలిఫోను పిలుపులు యెంతగా గుమిగూడతాయి, ఎన్ని లైన్లుంటే సరిపోతాయి అని ఆలోచించి 1909లో వ్యాసం ప్రచురించాడు. వరసల శాస్త్రానికి అదే నాంది. దాని సరళమైన రూపం చూడండి. మనుషులు యాదృచ్ఛికంగా వస్తున్నారు, ఒక్కొక్కరికి పట్టే కాలమూ అట్లాగే మారుతున్నది అనుకుందాం. సగటున నిమిషానికి 20 మందిని పంపే గేటు దగ్గరికి నిమిషానికి 10 మంది వస్తుంటే, వచ్చినప్పటినుంచి దాటేదాకా ఒక్కొక్కరికి సగటున పట్టేది 6 సెకన్లు. 15 మంది వస్తే 12 సెకన్లు. 18 మంది వస్తే 30 సెకన్లు. 19 మంది వస్తే పూర్తిగా ఒక నిమిషం! 20 లోంచి వచ్చేవారి సంఖ్య తీసేసి, ఆ మిగిలినదానితో ఒక నిమిషాన్ని భాగించడమే సూత్రం. ఇరవయ్యోవాడు వచ్చేసరికి భాజకం సున్నా అవుతుంది, వరస అంతులేకుండా పెరుగుతుంది. 18 కి 19 కి తేడా ఒక్క మనిషే, వేచివుండే కాలం మాత్రం రెట్టింపు. అందుకే "సరిగ్గా సరిపోతుంది" అనిపించిన గేటు యెప్పుడూ చాలదు.

ఇదంతా లైబ్రరీ ముందు అయిదు నిమిషాల చికాకు గదా, యింత రాద్ధాంతమా అనుకొనేవారికి షెఫీల్డ్ కథ చెప్పాలి. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని ఆ వూళ్ళో, హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఫుట్‌బాల్ సెమీఫైనల్. లివర్‌పూల్ అభిమానులలో నిలబడి చూసే టిక్కెట్లున్న సుమారు 10,100 మంది లోపలికి పోవడానికి యేడు టర్న్‌స్టైళ్ళు కేటాయించారు. అప్పటి గ్రీన్ గైడ్ లెక్క గంటకు ఒక్కో గేటుకు 750. ఏడింటికీ కలిపి 5,250. మీరే భాగించి చూడండి, అందరూ దాటడానికి దాదాపు రెండు గంటలు కావాలి. ఆట మూడు గంటలకు. ఆట చూడవచ్చేవాడు రెండు గంటలు ముందు వచ్చి నిలబడతాడా? రెండున్నర దాటేసరికి గేట్ల ముందు వూపిరాడని తొక్కిడి. ఆ తొక్కిడి తగ్గించాలని 2 గంటల 52 నిమిషాలకు పోలీసులు పక్కనున్న ఒక పెద్ద నిష్క్రమణ ద్వారం తెరిపించారు. అయిదారు నిమిషాల్లో సుమారు రెండువేలమంది అందులోంచి లోపలికి పోయారు. లోపల వాళ్ళకు యెదురుగా కనిపించింది ఒకే సొరంగం. అది తీసుకుపోయింది అప్పటికే క్రిక్కిరిసివున్న మధ్య ఆవరణలకు. పక్క ఆవరణల్లో చోటున్నది, కాని అటు పొమ్మని చెప్పేవారు లేరు. ముందు ఇనుప కంచె, వెనక వచ్చే జనం. 97 మంది చనిపోయారు. అభిమానులదే తప్పని చాలాకాలం నిందించారు. 2016లో జ్యూరీ, వాళ్ళ తప్పేమీ లేదని తేల్చింది. ఆ తీర్పు రావడానికి 27 సంవత్సరాలు పట్టింది.

నేను కాలువకింద వ్యవసాయం చేసే యింట్లో పుట్టినవాణ్ణి. ఈ కథ చదువుతుంటే నాకు కళ్ళ ముందు కట్టినట్టు కనిపించింది తూము. పైన నీళ్ళు నిండిపోయి గట్టు తెగేటట్టుందని ఒక్కసారి తూము పలక ఎత్తేస్తే పై గట్టు నిలబడుతుంది, నిజమే. కాని ఆ నీళ్ళు యెక్కడికి పోతాయి? కింది మడి అప్పటికే నిండి వుంటే దాని గట్టు తెగుతుంది, నారు కొట్టుకుపోతుంది. నాన్న రాత్రిపూట నీళ్ళు పెట్టడానికి పోయినప్పుడు ముందు లాంతరు పట్టుకొని (ఇప్పుడు సెల్‌ఫోను దీపం లెండి) కింది మడి గట్టంతా చూసివచ్చి, ఆ తర్వాతే పై తూము ముట్టుకొంటాడు. గేటు పెట్టేవాళ్ళు గేటు వైపే చూస్తారు. దాని ముందు నిలబడే చోటు యెంత, దాటాక పోయే చోటు యెంత అనేది కూడా గేటులో భాగమే. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తుల్ని కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టి విడతలు విడతలుగా వదలడం యీ సూత్రమే, చెరువూ తూమూ లాగా. అదే తిరుపతిలో 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లకోసం వచ్చిన జనం తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అదే సంవత్సరం జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది. ఇది యెక్కడో ఇంగ్లండులో జరిగిన పాతకథ మాత్రమే కాదు.

గేటు గురించి నేను అడగదలచుకొన్న ముఖ్యమైన ప్రశ్న యింకొకటి వుంది. కరెంటు పోతే అది తెరుచుకుంటుందా, మూసుకుంటుందా?

విద్యుదయస్కాంతం సంగతి ఇంటర్‌లోనే చదువుకొన్నాం. కరెంటు వున్నంతసేపు అది పిన్నును లాగి పట్టుకుంటుంది, పోగానే స్ప్రింగు పిన్నును వెనక్కి తోస్తుంది. ఇక్కడ తయారీదారుడి ముందు రెండు దారులున్నాయి. కరెంటు పిన్నును 'బిగించి' పట్టుకొనేటట్టు చెయ్యవచ్చు, అప్పుడు కరెంటు పోతే గేటు వదులైపోతుంది. లేదా కరెంటు పిన్నును 'విడిపించే'టట్టు చెయ్యవచ్చు, అప్పుడు కరెంటు పోతే గేటు బిగుసుకుపోతుంది. స్ప్రింగు యేవైపు పెట్టారన్నదే తేడా. బయటినుంచి చూస్తే రెండు గేట్లూ ఒకేలాగా వుంటాయి, ధర కూడా యించుమించు ఒకటే. నగలు దాచే గదికి రెండోది కావాలి. మనుషులుండే భవనానికి మొదటిదే వుండాలి. మంచి మూడు చేతుల గేట్లలో కరెంటు పోగానే అడ్డంగా వున్న చెయ్యి తనంతట తాను కిందికి వాలిపోయే యేర్పాటు వుంటుంది. అగ్నిప్రమాదం గంట మోగితే కూడా అట్లా వాలేటట్టు వైరు కలపాలి. ఈ వైరు కలపడం మరిచిపోతే గేటు మామూలు రోజుల్లో చక్కగానే పనిచేస్తుంది, అందుకే యెవరికీ అనుమానం రాదు.

బ్రాడ్‌ఫర్డ్ అనే మరో ఇంగ్లీషు పట్నంలో 1985 మే 11న ఫుట్‌బాల్ మైదానం పాత చెక్క స్టాండుకు నిప్పంటుకుంది. నాలుగైదు నిమిషాల్లో మొత్తం మంటలే. మైదానం వైపు దూకినవాళ్ళు బతికారు, ఎందుకంటే అక్కడ ముందువైపు కంచె లేదు. వచ్చిన దారినే పోదామని వెనకవైపు పరుగెత్తినవాళ్ళలో చాలామంది మూసివున్న గేట్ల దగ్గర, టర్న్‌స్టైళ్ళ దగ్గర చనిపోయారు. మొత్తం 56 మంది. ప్రమాదం వచ్చినప్పుడు మనిషి తను లోపలికి వచ్చిన గుమ్మం వైపే పరుగెత్తుతాడు, అది సహజం. బోస్టన్‌లో 1942 నవంబరు 28న కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు కాలిపోయినప్పుడు ముఖద్వారం గుండ్రంగా తిరిగే తలుపు. రెండువైపులనుంచీ జనం నెట్టేసరికి అది తిరగకుండా బిగుసుకుపోయింది. మిగతా తలుపుల్లో కొన్నిటికి తాళాలు, కొన్ని లోపలివైపుకే తెరుచుకొనేవి. 492 మంది. ఆ తర్వాతనే తిరుగుడు తలుపు పక్కన మామూలు తలుపు తప్పనిసరిగా వుండాలనే నియమాలు వచ్చాయి. ఢిల్లీ ఉపహార్ సినిమాహాలు (1997, 59 మంది) గురించి యిక్కడ మళ్ళీ చెప్పను, దారికి అడ్డంగా వేసిన అదనపు కుర్చీల కథ అందరికీ తెలిసిందే.

నోటు రాసేముందు మన లైబ్రరీ చుట్టూ తిరిగి చూశాను. వెనకవైపు ఒక తలుపు వున్నది. దానికి తాళం. తాళంచెవి యెవరి దగ్గరుందో కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. పోయిందనుకొన్న ఆ చెవి చివరికి ఒక పాత బీరువా సొరుగులో దొరికింది.

ఇక యీ గేటులో యెవరు పట్టరు? నా మూట సంగతి వదిలెయ్యండి. మూడు చేతుల గేటు దారి వెడల్పు అర మీటరుకు కాస్త అటూ యిటూ. వీల్‌చైరు అందులో పట్టదు. చంకకర్రలతో నడిచేవాళ్ళు, నిండు గర్భిణులు, చంటిపిల్లను ఎత్తుకొన్న తల్లి, పుస్తకాల ట్రాలీ తోసుకొచ్చే అటెండరు, వీళ్ళకూ కష్టమే. వీల్‌చైరు సాఫీగా పోవాలంటే ద్వారం 900 మిల్లీమీటర్లు వుండాలని మన దేశపు మార్గదర్శకాలు చెబుతున్నాయి, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందుబాటును హక్కుగా గుర్తించింది. మెట్రో స్టేషనులో గేట్ల వరసలో ఒకటి వెడల్పుగా వుండడం మీరు గమనించే వుంటారు. మా వూరివాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద, కాలికి కాలిపర్ వేసుకొని నడుస్తాడు. ఒక భవనంలో అతన్ని "పక్కకి రా, సామాన్ల గుమ్మంలోంచి పంపిస్తాం" అన్నారట. పంపారు కూడా, మర్యాదగానే. "లోపలికి పోనిచ్చార్రా, కానీ సామాన్లలో కలిపి పోనిచ్చారు" అని నాతో చెప్పి నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు యిప్పటికీ యిబ్బందిగానే వుంటుంది.

కార్డు బదులు వేలిముద్ర పెడితే ఒకరి కార్డు మరొకరు వాడే మోసం వుండదని కొందరన్నారు. అమ్మ చేతులు చూసినవాణ్ణి కాబట్టి నేను ఒప్పుకోలేదు. నాట్లు, కలుపులు, మిరపకోతలు చేసిచేసి ఆమె వేళ్ళమీద గీతలు అరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషన్ మీద ఆ వేలూ యీ వేలూ, తుడిచీ తడిపీ నాలుగైదుసార్లు పెడితేగాని పలకదు. మన కాలేజీలో సెలవులకు పోయి పొలం పనులు చేసివచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. వందమందిలో ఒక్కణ్ణి మిషన్ గుర్తుపట్టకపోయినా, రోజుకు 1,200 మంది వచ్చేచోట పన్నెండుమంది గేటు ముందు దొంగల్లా నిలబడాలి. పైగా కార్డు పోతే రద్దుచేసి కొత్తది యివ్వవచ్చు. వేలిముద్ర వివరాలు బయటికి పొక్కితే కొత్త వేలు యెక్కణ్ణించి తెస్తాం?

నోటులో చివరికి రాసింది యిది. మూడు దారులు కావాలి, వాటిలో ఒకటి 900 మిల్లీమీటర్ల రెక్క గేటు, మిగతా రెండూ మూడు చేతులవే చాలు. ఉదయం మూడూ లోపలివైపు, సాయంత్రం మూడూ బయటివైపు తిరిగేటట్టు వుండాలి. కరెంటు పోయినా, ఫైర్ గంట మోగినా చేతులు వాలిపోవాలి, ఆ సంగతి కొనేముందు మన కళ్ళెదుట మెయిన్ స్విచ్ ఆపించి చూడాలి. నిలువెత్తు గేటు వద్దు, వేలిముద్ర వద్దు. మిగిలిన డబ్బుతో పుస్తకాలకు అయస్కాంతపు పట్టీలు వేయించాలి. గేటు పక్కన మనిషి వుండి తీరాలి. గేటు వస్తే వాచ్‌మన్ జీతం మిగులుతుందని ఒకరన్నారు గాని, నా మూటను విడిపించింది యే సెన్సారో కాదు గదా!

కమిటీ యింకా తేల్చలేదు. మూడో దారికి డబ్బు చాలదనీ, వచ్చే సంవత్సరం చూద్దామనీ ఒక మాట వినిపిస్తున్నది. వెడల్పు గేటు మాత్రం మొదటి విడతలోనే వుండాలని సంఘం పట్టుపట్టి కూచుంది. ఈలోగా వెనక తలుపు తాళం తీయించారు. గొళ్ళెం తుప్పుపట్టి కదలకపోతే నేనూ వాచ్‌మన్ తాతా సైకిల్ షాపునుంచి నూనె తెచ్చి పోశాం. ఇప్పుడది లోపలినుంచి ఒంటిచేత్తో తోస్తే తెరుచుకుంటున్నది.